జుట్టు తియ్యరు, పాగా దించరు: సిక్కుల కేశాల గురించి

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినిపిస్తోందా? ఆ, సరే. ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి కొడుతోంది.

లైబ్రరీ వాళ్ళు ఏదైనా ఒక మతం గురించి మాట్లాడండి మాస్టారూ అన్నప్పుడు నేను వెంటనే ఇదే చెప్తానన్నాను, సిక్కులు జుట్టు ఎందుకు కత్తిరించరు, తలపాగా ఎందుకు కడతారు అని. ఎందుకంటే ఈ ప్రశ్నకి జవాబు తెలీకపోవడం వల్ల నా కళ్ళ ముందే ఒక పిల్లాడికి అన్యాయం జరిగింది, అప్పుడు నేను నోరు తెరవలేదు. ఎప్పటి మాటో అది, ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

నేను టీచర్‌గా చేసే రోజుల్లో మా ఏడో క్లాసులో ఒక సర్దార్ల అబ్బాయి ఉండేవాడు. ఇక్కడ హైదరాబాద్ పిల్లాడే, మనందరిలాగే తెలుగు మాట్లాడతాడు, పరీక్షల్లో తెలుగులో మంచి మార్కులు కూడా వచ్చేవి. నెత్తి మీద జూడా, అంటే జుట్టు ముడి, దాని మీద చిన్న గుడ్డ కట్టుకుని వస్తాడు, దాన్ని పట్కా అంటారు. ఒకరోజు ఇంటర్వెల్‌లో వెనక నుంచి ఎవడో వచ్చి ఆ పట్కా లాగేశాడు. ముడి ఊడిపోయి జుట్టంతా నడుము దాకా పడింది, పిల్లలు నవ్వారు. నేను వెళ్ళేసరికి వాడు మెట్ల కింద కూర్చుని రెండు చేతులతో తల కప్పుకుని ఉన్నాడు. ఏడవట్లేదు. నేను రమ్మంటే కూడా చేతులు తియ్యట్లేదు. మనకి నలుగురిలో బట్టలు లాగేస్తే ఎలా ఉంటుందో వాడికి అలా ఉంది, అది ఆ వయసులో వాడు చెప్పలేడు, నాకు అర్థం కాలేదు. స్టాఫ్ రూమ్‌లో ఏమన్నారంటే, ఎందుకొచ్చిన గొడవ ఇది, వాళ్ళ ఇంట్లో చెప్పి శుభ్రంగా కటింగ్ చేయించమనండి అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు.

సాయంత్రం మనసు ఊరుకోక వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ తాతగారు ఎక్కడికో పెళ్ళికి వెళ్ళడానికి రెడీ అవుతున్నారు. నేను సారీ చెప్పాలని వెళ్ళాను కదా, ఎలా మొదలుపెట్టాలా అని నిలబడ్డాను, ఆయన నన్ను చూసి "సార్, టైమ్‌కి వచ్చిండ్రు, జర ఆ కొస పట్టుకోండి" అన్నారు. ఒక పొడుగాటి బట్ట, ఐదు ఆరు మీటర్లు ఉంటుంది, పల్చటి కాటన్, ఫుల్ వాయిల్ అంటారు. ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆయన చేతిలో. గది ఇటు చివర నేను అటు చివర ఆయన, గట్టిగా లాగి పట్టుకుని పొడవునా మడత, మళ్ళీ మడత. దాన్ని పూనీ చెయ్యడం అంటారు. నేను వదులుగా పట్టుకుంటే "గట్టిగా సార్, ముడత వస్తది" అన్నారు. తర్వాత ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, అద్దం ముందు నిలబడి, ఒక్కో చుట్టు ముందు చుట్టుకి వేలెడు పైకి వచ్చేలా చుట్టుకుంటూ పోయారు. ఆ చుట్లని లడ్ అంటారు. చివర్లో సలాయి అని సన్నటి కడ్డీ ఒకటి తీసి చెవుల దగ్గర పక్కకొచ్చిన వెంట్రుకలు లోపలికి దోపి, మడతలు సర్దుకున్నారు. పావుగంట పట్టింది. అంతసేపూ నా నోట మాట రాలేదు, ఆయన కూడా స్కూల్ సంగతి ఎత్తలేదు. అంతా అయ్యాక ఒక్క మాట అన్నారు: "టోపీ లెక్క పెట్టుకుని తీసేది కాదు సార్ ఇది. పొద్దున్న ఒక్కో చుట్టు కట్టాలె, రాత్రి ఒక్కో చుట్టు విప్పాలె."

ఆ మాట పట్టుకునే నేను ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను, గురుద్వారాలకి వెళ్ళాను, అడిగాను. నాకు అర్థమైంది చెప్తాను.

మనకి ఇది అర్థం కావడానికి ఒక దగ్గరి దారి ఉంది, తిరుమల. మనం మొక్కుకుంటాం, కళ్యాణకట్టకి వెళ్తాం, తలనీలాలు ఇస్తాం. ఇచ్చాక ఆ గుండు తడుముకుంటూ దర్శనానికి వెళ్తుంటే ఒక తేలిక ఉంటుంది చూశారా, నాది అనుకున్నది ఇచ్చేశాను అని. సిక్కులు చేసేది పైకి చూస్తే దీనికి పూర్తిగా ఉల్టా. కానీ లోపల మాట ఒకటే, ఈ జుట్టు నాది కాదు అనేదే. నాది కాదు కాబట్టి ఇచ్చేస్తాను అని మనం అంటాం, నాది కాదు కాబట్టి దాని మీద కత్తెర పెట్టే హక్కు నాకు లేదు అని వాళ్ళు అంటారు. దేవుడు ఎలా ఇచ్చాడో అలా ఉంచుకోవడం, ఆయన ఇష్టానికి ఒప్పుకోవడం, దాన్ని వాళ్ళు హుకుం, రజా అనే మాటలతో చెప్తారు. ఐదో గురువు అర్జన్ దేవ్ గారి పదం ఒకటి వాళ్ళ పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉంది, "సాబత్ సూరత్ దస్తార్ సిరా" అని, రూపం చెక్కుచెదరకుండా ఉండటమే తల మీది పాగా అని ఆ మాటకి అర్థం చెప్తారు. ఆయనవే ఇంకో చోట, నా కేశాలతో విసనకర్ర చేసి సాధువులకి విసురుతాను అనే అర్థం వచ్చే మాటలున్నాయి. నాకు అవి చాలా ఇష్టం. జుట్టు పెంచుకునేది అందం కోసమో గొప్ప కోసమో కాదు, అవసరమైతే దాంతో పెద్దల పాదాల దగ్గర ధూళి తుడుస్తాను అని.

పెంచడం అంటే గాలికి వదిలెయ్యడం కూడా కాదు, ఇది మనవాళ్ళు చాలామంది పొరబడే చోటు. జడలు కట్టిన సన్యాసి జుట్టు వేరు, ఇది వేరు. వాళ్ళ ఐదు గుర్తుల్లో, కేశాలు, కంఘా, కడా అంటే చేతి కడియం, కచ్ఛెరా అంటే లోపల వేసుకునే నిక్కరు, కిర్పాన్ అంటే చిన్న కత్తి, అని ఐదు ఉంటాయి కదా, అందులో కంఘా అంటే చెక్క దువ్వెన. రోజుకి రెండు పూటలా దువ్వుకోవాలి, ముడి వేసుకుని ఆ దువ్వెన ముడిలోనే దోపుకోవాలి. సంసారంలో ఉండాలి, పని చెయ్యాలి, శుభ్రంగా ఉండాలి, అడవికి పోకూడదు. ఇదంతా ఆ చిన్న దువ్వెనలో ఉంది.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం, ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను ఎందుకంటే అసలు సంగతి ఇదే.

1675 లో తొమ్మిదో గురువు తేగ్ బహాదూర్ గారిని ఢిల్లీలో చాందినీ చౌక్‌లో, నలుగురూ చూస్తుండగా, ఔరంగజేబు హుకుంతో తల నరికారు. కాశ్మీరీ పండితులు వచ్చి మా మతం మమ్మల్ని ఉంచుకోనివ్వట్లేదు అని మొరపెట్టుకుంటే వాళ్ళ తరఫున నిలబడ్డందుకు. తనది కాని మతం కోసం, అది గుర్తుపెట్టుకోండి. శిరస్సు అక్కడ పడి ఉంది, శరీరం అక్కడ పడి ఉంది. ముందుకొచ్చి ఇది మా గురువుది అనడానికి ఢిల్లీలో జనానికి ధైర్యం చాల్లేదు. భాయీ జైతా అనే ఆయన, సమాజం అంటరానివాళ్ళు అని దూరం పెట్టిన కులం ఆయనది, ఆ శిరస్సుని దాచి పంజాబ్‌లో ఆనంద్‌పూర్ దాకా మోసుకెళ్ళాడు. లఖీ షా వంజారా అనే వ్యాపారి శరీరాన్ని బండిలో ఇంటికి తెచ్చి, బయట చితి పెడితే పట్టుకుంటారని తన ఇంటికే నిప్పు పెట్టి దహనం చేశాడు. ఆ శిరస్సు అందుకున్నప్పుడు కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆ కొడుకే గురు గోవింద్ సింగ్.

సిక్కుల ఇళ్ళలో చెప్పుకునేది ఏంటంటే, ఆ రోజు ఢిల్లీలో సిక్కులు ఉన్నారు, కానీ ఎవరు సిక్కో ఎవరికీ తెలీదు, జనంలో కలిసిపోయి నిలబడ్డారు, ఆ మాట ఆ పిల్లాడి గుండెలో ఉండిపోయింది. వెయ్యి మందిలో నిలబడ్డా నావాడు కనపడాలి, దాక్కోవడానికి వీల్లేకుండా చేస్తాను అనుకున్నాడు అని. 1699 వైశాఖి రోజు ఆనంద్‌పూర్‌లో వేలమంది ముందు కత్తి దూసి నాకొక తల కావాలి అన్నాడు. ఒక్కొక్కరుగా ఐదుగురు లేచారు. వాళ్ళకే మొదట అమృతం ఇచ్చాడు, అంటే దీక్ష, కేశాలు తియ్యకూడదనే నియమం ఆ దీక్షతో వచ్చిందే. ఈ కథ మీలో చాలామంది వినే ఉంటారు. కానీ ఆ ఐదుగురూ ఎవరు అనేది వినండి. ఒకరు లాహోర్, ఒకరు హస్తినాపూర్, ఒకరు ద్వారక, ఒకరు జగన్నాథ పూరి. ఐదో ఆయన మన పక్కనున్న బీదర్. జహీరాబాద్ దాటి కొంచెం ముందుకు పోతే బీదరే కదా. సాహిబ్ చంద్ ఆయన పేరు, తర్వాత భాయీ సాహిబ్ సింగ్ అయ్యారు. ఆయనది ఏ వృత్తి అని సిక్కు సంప్రదాయం చెప్తుందో తెలుసా? క్షవరం. తరతరాలుగా నలుగురికీ జుట్టు తీసే కుటుంబం.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. తల తీసుకో అని లేచినవాడు మంగలి, ఆ రోజు నుంచి ఇక కత్తెర ముట్టను అన్నాడు, తన చేతిలో పనిముట్టే వదిలేశాడు. ఆ తర్వాత చమ్‌కౌర్ యుద్ధంలో చనిపోయాడు. బీదర్‌లో నానక్ ఝీరా గురుద్వారాకి మన హైదరాబాద్ వాళ్ళు పిక్నిక్ లాగా వెళ్తారు, ఆ నీటి ఊట చూసి వస్తారు, ఈసారి వెళ్తే ఈయన్ని కూడా తలుచుకోండి.

ఇక పాగా. మన తలపాగాలో పాగా, వాళ్ళు పగ్ అంటారు, పగ్‌డీ అంటారు, గౌరవంగా దస్తార్ అంటారు. మొగలుల కాలంలో మంచి పాగా ఎవరు పడితే వాళ్ళు కట్టేది కాదు, అది నవాబులది, అమీర్లది, పెద్ద కులాలది. దీని గురించి తెలంగాణ పల్లెల్లో పుట్టినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. దొర ఎదురొస్తే నెత్తికి చుట్టిన రుమాలు తీసి చంకలో పెట్టుకోవాలి, చెప్పులు చేతిలో పట్టుకోవాలి, వంగి కాల్మొక్త అనాలి. మా అమ్మ వాళ్ళ నాన్న అలా రుమాలు తీసినవాడే. అంటే తల మీద బట్ట ఉండొచ్చా లేదా అనేది మనిషికి మర్యాద ఉందా లేదా అనే ప్రశ్న. గురు గోవింద్ సింగ్ ఏం చేశాడు, క్షవరం చేసేవాడికి, నీళ్ళు మోసేవాడికి, బట్టలకి అద్దకం వేసేవాడికి, అందరికీ అదే పాగా కట్టించాడు, అందరికీ సింగ్ అనే ఒకటే పేరు పెట్టాడు. ఇక ఎవరి ముందూ దించేది లేదు. సిక్కు వాళ్ళు పాగా మీద చెయ్యి వేస్తే ఎందుకు అంత కోపం తెచ్చుకుంటారో ఆ రుమాలు చంకలో పెట్టుకున్న మా తాత గుర్తొచ్చాక నాకు అర్థమైంది.

ఇంట్లో తండ్రి పోతే పెద్దకొడుక్కి అందరి ముందు పాగా కడతారు, ఇక ఈ ఇంటి బాధ్యత నీది అని, దాన్ని రసమ్ పగ్‌డీ అంటారు. అబ్బాయికి మొదటిసారి పాగా కట్టే రోజు దస్తార్ బందీ, మన ఒడుగు లాగా ఇల్లంతా సందడి. ఇద్దరు స్నేహితులు పాగాలు మార్చుకుంటే ఇక జన్మంతా అన్నదమ్ములు.

దీనికోసం వాళ్ళు ఎంత పోగొట్టుకున్నారో కూడా చెప్పాలి. భాయీ తారూ సింగ్ అని పూహ్లా ఊరి రైతు. అడవుల్లో దాక్కున్న సిక్కులకి అన్నం పెట్టినందుకు పట్టుకెళ్ళారు. లాహోర్ సుబేదార్, అంటే గవర్నర్, జకరియా ఖాన్ జుట్టు తీయించుకో, ప్రాణం దక్కుతుంది అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. జుట్టుతో పాటు నెత్తి మీది చర్మం చెక్కేశారు, 1745 లో. ఇవాళ్టికీ ప్రతి గురుద్వారాలో రోజూ చేసే అర్దాస్ ప్రార్థనలో నెత్తులు చెక్కించుకున్నవాళ్ళని, ఆఖరి శ్వాస దాకా కేశాలతో ధర్మం నిలుపుకున్నవాళ్ళని తలుచుకుంటారు. రోజూ. చిన్నపిల్లలు కూడా ఆ మాటలు వింటూ పెరుగుతారు. ఇప్పుడు చెప్పండి, అలాంటి ఇంట్లోంచి వచ్చిన ఏడో క్లాసు పిల్లాడికి కటింగ్ చేయించుకో అనడం ఎంత మాటో.

1984 నవంబర్‌లో, ఇందిరా గాంధీ హత్య తర్వాత సిక్కుల మీద జరిగిన దాడుల గురించి ఎక్కువ చెప్పలేను, చెప్తుంటే గొంతు పట్టేస్తుంది. ప్రభుత్వం వేసిన కమిటీ లెక్కలోనే ఒక్క ఢిల్లీలో చనిపోయినవాళ్ళు 2,733 మంది. గుంపులు వీధుల్లో తిరుగుతున్నప్పుడు దూరం నుంచి గుర్తుపట్టడానికి ఆ పాగానే చాలు. తల్లులు కూర్చుని ఏడుస్తూ కొడుకుల జుట్టు కత్తిరించారు, ప్రాణాలు నిలబెట్టుకోవడానికి. వాళ్ళని తప్పుపట్టే అర్హత మనకెవరికీ లేదు. అలాగే 2001 సెప్టెంబర్ 15 న, అమెరికాలో ఆ టవర్లు కూలిన నాలుగో రోజు, అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీ తన పెట్రోల్ బంకు ముందు నిలబడి ఉంటే పాగా చూసి ఒకడు కాల్చేశాడు. మన తెలుగు పిల్లలు ఇప్పుడు అమెరికా నిండా ఉన్నారు, చర్మం రంగు చూసి ఎవరో ఏదో అంటే మనకి ఎంత నొప్పి, అది పది రెట్లు చేసి చూడండి.

అంత జరిగినా కట్టుకునే వెళ్తారు. బ్రిటన్‌లో మోటార్ సైకిల్ హెల్మెట్ మీద కొట్లాడి 1976 లో చట్టం మార్పించారు. పాగా తీసి రమ్మన్న స్కూల్ మీద కేసు 1983 లో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి గెలిచింది. కెనడా పోలీసుల్లో 1990 లో పాగాకి పర్మిషన్ వచ్చింది. ప్రపంచ యుద్ధాల్లో ఇనప టోపీ వద్దని పాగాతోనే ట్రెంచుల్లో నిలబడ్డారు.

నేను చెప్పేది ఒకటే విషయం, ఆ పాగా వాళ్ళని ప్రమాదంలో కనపడేలా చేస్తుంది, నిజమే, కానీ వేరేవాళ్ళు ప్రమాదంలో ఉన్నప్పుడు కూడా వాళ్ళని కనపడేలా చేస్తుంది. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ దొరక్క జనం కార్లలో ఆటోల్లో తిరుగుతుంటే ఘజియాబాద్ ఇందిరాపురం గురుద్వారా బయట రోడ్డు మీదే సిలిండర్లు పెట్టి ఆక్సిజన్ లంగర్ నడిపారు. లంగర్ అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం. అన్నం పెట్టినట్టు ఊపిరి పెట్టారు. రాత్రిపూట తెలీని ఊళ్ళో రైలు దిగిన ఆడపిల్ల స్టేషన్‌లో పాగా కట్టుకున్న పెద్దాయన్ని చూస్తే కొంచెం ధైర్యంగా దారి అడుగుతుంది, అది మీ అందరికీ తెలుసు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. పాగా కట్టుకుని బయటికొచ్చాక సాయం అడిగినవాళ్ళకి నేను కాదు అని చెప్పి తప్పుకోలేరు కదా.

ప్రశ్నలుంటే అడగండి.

ఆ అమ్మాయి... చెప్పమ్మా. ఆడవాళ్ళు కూడా కట్టాలా? వాళ్ళ నియమావళి ప్రకారం, రెహత్ మర్యాదా అంటారు, జుట్టు కత్తిరించకూడదు అనేది ఆడా మగా ఇద్దరికీ ఉంది. పాగా మాత్రం ఆడవాళ్ళ ఇష్టం. చాలామంది చున్నీ వేసుకుంటారు, ఈ మధ్య పాగా కట్టుకునే అమ్మాయిలు కూడా బాగా కనిపిస్తున్నారు.

హెల్మెట్. అవును, మన మోటారు వాహనాల చట్టం 129 సెక్షన్‌లో పాగా కట్టుకున్న సిక్కులకి మినహాయింపు ఉంది. ట్రాఫిక్ పోలీసులు దయతలచి వదిలెయ్యడం కాదు, చట్టమే.

వెనక ఆ తమ్ముడు ఏమంటున్నాడు? జుట్టు కత్తిరించుకున్న సిక్కులు ఉన్నారు కదా, వాళ్ళు సిక్కులు కాదా? మంచి ప్రశ్న. ఉన్నారు, పంజాబ్‌లో కుర్రాళ్ళు చాలామంది తీసేస్తున్నారు, ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దాని గురించి చాలా బాధపడతారు. అమృతం తీసుకున్నవాళ్ళకి జుట్టు తీయడం నాలుగు పెద్ద తప్పుల్లో ఒకటి. కానీ అదే గురు గ్రంథ్ సాహిబ్‌లో కబీర్ మాట ఒకటుంది. ఒక్కడి మీదే ప్రేమ పెట్టుకో, మిగతా సందేహాలన్నీ పోతాయి, ఆ తర్వాత జుట్టు పొడుగ్గా పెంచుకున్నా సరే నున్నగా గొరిగించుకున్నా సరే అని. ఆ మాటని వాళ్ళు తీసెయ్యలేదు, తమ గురువుగా కొలిచే గ్రంథంలోనే ఉంచుకున్నారు. జుట్టు ఉండి లోపల ఏమీ లేకపోతే ఏం లాభం అని గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీలే చెప్తారు. ఎవరు సిక్కు ఎవరు కాదు అని తీర్పు చెప్పడం నాది కాదు, నీది కాదు తమ్ముడూ, అది వాళ్ళింటి విషయం. మనం చెయ్యాల్సిందల్లా ఉంచుకున్నవాణ్ణి ఎందుకు ఉంచుకున్నావు అని ఎగతాళి చెయ్యకుండా ఉండటం, తీసేసినవాణ్ణి నువ్వేం సిక్కువి అనకుండా ఉండటం.

హైదరాబాద్‌లో వీళ్ళు ఎప్పటినుంచి ఉన్నారు? చాలా పాతవాళ్ళమ్మా. 1832 ప్రాంతంలో నిజాం దివాన్ చందూలాల్ అడిగితే మహారాజా రంజిత్ సింగ్ లాహోర్ నుంచి పంపించిన సైన్యం, వాళ్ళ పిల్లల పిల్లలే ఇక్కడి దక్కనీ సిక్కులు. అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావనీ అని ఇప్పటికీ పేరుంది. గురు గోవింద్ సింగ్ గారు 1708 లో కాలం చేసిన నాందేడ్ కూడా ఆ తర్వాత నిజాం రాజ్యంలోకి వచ్చిందే. వాళ్ళని ఎక్కడినుంచి వచ్చారు అని అడక్కండి, మీ ఇంటి పక్కనుంచే వచ్చారు.

గురుద్వారాకి మేము వెళ్ళొచ్చా? ఎవరైనా వెళ్ళొచ్చు, ఏ కులమైనా, ఏ మతమైనా. అమీర్‌పేట్‌లో ఉంది, అఫ్జల్‌గంజ్ వైపు అశోక్ బజార్‌లో ఉంది. చెప్పులు విప్పాలి, కాళ్ళు చేతులు కడుక్కోవాలి, తల కప్పుకోవాలి, అది మాత్రం అందరికీ. కర్చీఫ్ తెచ్చుకోకపోయినా పర్లేదు, గుమ్మం దగ్గర బుట్టలో రుమాళ్ళు పెట్టి ఉంటాయి, ఒకటి తీసుకుని నుదుటి మీద నుంచి వెనక్కి కట్టుకోండి, జారిపోతుంటే అక్కడ ఎవరో ఒక పెద్దాయన వచ్చి ముడి సరిచేసి వెళ్తారు. లోపల లంగర్‌లో అందరితో కింద కూర్చుని తినండి. వచ్చేటప్పుడు ఆ రుమాలు మర్చిపోకుండా మళ్ళీ బుట్టలో వెయ్యండి, తర్వాత వచ్చేవాళ్ళకి కావాలి.